పొయ్యిలో లోపం లేదు, కట్టెల్లోనే తడి ఉంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్ నుంచి కాకినాడ దగ్గర సొంతూరికి వచ్చేశారు. పొగ గొట్టం పెట్టించి ఇటుకల పొయ్యి కట్టించారు. ఆగస్టులో ఒక టన్ను మామిడి, సరుగుడు మొద్దులు కొని పెరట్లో నేల మీదే పేర్చి, తడవకుండా టార్పాలిన్ కప్పారు. నాలుగు నెలలైనా కట్టెలు సరిగా అంటుకోవడం లేదు. గిన్నెలకు తారులాంటి మసి పడుతోంది, పొగకు అమ్మగారి కళ్లు మండుతున్నాయి, అడుగు వరసల్లో పుట్టగొడుగులు లేచాయి. పొయ్యి పగలగొట్టి మళ్లీ కట్టించాలా అని అడిగారు.

పగలగొట్టకండి. మీరు రాసిన కొలతలు చూస్తే పొయ్యి బాగానే ఉంది. నాలుగు నెలలుగా మీరు పొయ్యిలో పెడుతున్నది పచ్చి కట్టె. టార్పాలిన్ కింద అది ఎండలేదు, మగ్గింది.

మా నాన్నగారికి బాపట్ల తీరంలో కట్టెల అడితి ఉండేది. నేను పన్నెండేళ్ల వయసు నుంచే తక్కెడ దగ్గర కూర్చున్నాను. అడితి మూతపడి చాలా కాలమైంది కానీ, మా ఇంట్లో గ్యాస్ ఉన్నా నీళ్లు కాచడం, పాలు, పప్పు ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే. కాబట్టి ఇక్కడ రాసేదంతా చేతులారా చేసి చూసిందే.

ముందు ఒక లెక్క చూడండి. అప్పుడే కొట్టిన మామిడి మొద్దు బరువులో ఇంచుమించు సగం నీళ్లే ఉంటాయి. సరుగుడులో కొంచెం తక్కువ. మీరు టన్ను లెక్కన డబ్బు కట్టారు కదా, అందులో దాదాపు 400 కిలోల నీళ్లకు కట్టెల ఖరీదు ఇచ్చినట్టే. కట్టె బాగా మండాలంటే ఆ తేమ బరువులో 20 శాతం కంటే కిందకి రావాలి. 15 శాతానికి వస్తే ఇంకేం కావాలి.

తడి కట్టె వేడి ఇవ్వకపోవడానికి కారణం నీళ్లు ఆవిరి కావడానికి పోయే వేడి ఒక్కటే అనుకుంటారు చాలామంది. అది చిన్న భాగం. ఒక కిలో నీళ్లు ఆవిరి కావడానికి సుమారు 600 కిలోక్యాలరీలు పడితే, ఒక కిలో పొడి కట్టె 4,000 పైనే ఇస్తుంది. అసలు నష్టం ఇంకోచోట ఉంది. కట్టె వేడెక్కినప్పుడు దాని బరువులో నాలుగింట మూడు వంతులు ఆవిరులుగా, వాయువులుగా బయటికి వస్తుంది. మిగిలేదే బొగ్గు. మనకు కనిపించే మంట ఆ వాయువులు మండటమే. అవి పూర్తిగా మండాలంటే పొయ్యి లోపల సుమారు 600 డిగ్రీల వేడి ఉండాలి. లోపల నీళ్లు మరుగుతున్నంతసేపూ కట్టె వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, పొయ్యి చల్లబడుతుంది, ఆ వాయువులు మండకుండానే పొగ అయి పోతాయి. అమ్మగారి కళ్లను మండిస్తున్న ఆ పొగ నిజానికి మీరు కొన్న వంటచెరకే. గిన్నె మీద, గొట్టం లోపల తారులా పేరుకునేదీ అదే. గొట్టంలో అది మందంగా పేరుకుంటే ఒకరోజు నిప్పంటుకుంటుంది, అందుకని ఈ వారమే గొట్టం దులపండి. తాటాకు ఇల్లయితే ఇంకా జాగ్రత్త.

ఇప్పుడు ఎండబెట్టడం సంగతి. చెట్టు బతికున్నప్పుడు వేళ్ల నుంచి ఆకులకు నీళ్లు మోసిన సన్నని గొట్టాలు కర్రలో నిలువునా ఉంటాయి. కొట్టేశాక కూడా నీళ్లు ఆ దారినే, అంటే కోసిన రెండు చివర్ల నుంచే తేలిగ్గా బయటికి వస్తాయి. పక్కల నుంచి రావడం పది రెట్లకు పైగా నెమ్మది. దాని మీద బెరడు ఉంటే ఇక దాదాపు రానే రాదు, ఎందుకంటే చెట్టు ఎండిపోకుండా కాపాడటమే బెరడు పని. అందుకే నాలుగడుగుల మొద్దును బెరడుతో అలాగే ఏడాది ఉంచినా నడుమ పచ్చిగానే ఉంటుంది. మా అడితిలో రెండు వేసవులు చూసిన వేప దుంగను చీలిస్తే లోపల చెయ్యి పెడితే చల్లగా తగిలిన రోజులున్నాయి.

కాబట్టి వరస ఇది: ముందు పొట్టిగా కోయడం, తర్వాత చీల్చడం, ఆ తర్వాతే పేర్చడం. చాలామంది ముందు పేర్చి, వాడే ముందురోజు చీలుస్తారు. అలా చేస్తే ఎండాల్సిన కాలమంతా వృథా అయిపోయినట్టే.

మీ పొయ్యి నోరు ఎంతో చూసుకుని, దానికంటే రెండు మూడు అంగుళాలు పొట్టిగా కోయించండి. అడుగు, అడుగున్నర పొడవు ఇంటి పొయ్యికి సరిపోతుంది. రంపపు మిల్లు దగ్గర్లో ఉంటే ఒక పూటలో అయిపోతుంది. చీల్చిన ముక్క మణికట్టు మందం ఉండాలి, నీళ్ల బాయిలర్‌కైతే దానికి రెట్టింపు ఉన్నా ఫరవాలేదు. మణికట్టు కంటే సన్నగా ఉన్న కొమ్మలను చీల్చక్కర్లేదు కానీ, గొడ్డలితో ఒక పక్క పొడవునా బెరడు చెక్కేయండి. ఆ ఒక్క గాటుతోనే ఎండటంలో చాలా తేడా వస్తుంది.

చీల్చడం పచ్చిగా ఉన్నప్పుడే తేలిక. సరుగుడు, తుమ్మ ఎండితే ఇనుములా అయి గొడ్డలి ఎగిరిపడుతుంది. ఇది అనుభవం లేనివాళ్లకు వింతగా ఉంటుంది, ఎండితే సులువుగా పగులుతుందనుకుని ఆగుతారు. వేప నార మెలికలు తిరిగి ఉంటుంది, దాన్ని నడిమికి కొట్టకుండా అంచుల నుంచి పలకలుగా తీసుకుంటూ రావాలి. చింత మొద్దు జోలికి పోకండి. మాంసం కొట్టేవాళ్లు చింత మొద్దే ఎందుకు వాడతారో ఒకసారి గొడ్డలి వేస్తే తెలుస్తుంది. ముడులున్న మొద్దులను విడిగా తీసి పెట్టండి, అవి చీల్చకుండానే బాయిలర్ కిందకు పనికొస్తాయి. చీల్చేటప్పుడు కింద మోకాలి ఎత్తు దుంగ ఒకటి వేసుకుని దాని మీద నిలబెట్టి కొట్టండి. నేల మీద పెట్టి కొడితే తప్పిన దెబ్బ కాలికి వస్తుంది. చుట్టుపక్కల పిల్లలు ఉండకూడదు.

ఏ కట్టె మంచిదని కూడా అడిగారు. మన తీరప్రాంతం వాళ్లకు సరుగుడును మించింది లేదు. 19వ శతాబ్దంలో మద్రాసు తీరం వెంట సరుగుడు తోటలు పెంచిందే ఆవిరి రైలింజన్లకు కట్టెల కోసం. బరువైన కర్ర, పొగ తక్కువ, నిప్పు కణికలు చాలాసేపు నిలుస్తాయి. కొంచెం పచ్చిగా ఉన్నా మండే కర్రల్లో ఇది ఒకటి. ఈమధ్య బొంగులన్నీ కాగితం మిల్లులకు పోతున్నాయి కాబట్టి, నరికిన తోటల్లో మిగిలే మొదళ్లు, వేరుమొద్దులు అడగండి. తక్కువకు వస్తాయి, మంట మాత్రం బొంగుల కంటే మెరుగు. సరుగుడు చెట్ల కింద రాలిన ఎండు ఆకును ఒక గోతాం నింపి పెట్టుకుంటే పొయ్యి ముట్టించడానికి కిరసనాయిలు అక్కర్లేదు.

నల్ల తుమ్మ కూడా గొప్ప కట్టె. చేవ ఎక్కువ, ఎండటం నెమ్మది. సర్కారు తుమ్మను అందరూ తిట్టుకుంటారు, పొలాలను, చెరువులను ఆక్రమించింది కాబట్టి ఆ కోపం న్యాయమే. 1870ల చివర్లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు, అక్కడి నుంచి మొదలై ఇంత అయింది. కానీ పొయ్యిలో దానికి వంక పెట్టలేం. ఎంత కొట్టినా మళ్లీ చిగురిస్తుంది, కాబట్టి మంచి చెట్టును నరికే బదులు దాన్ని నరకడమే మేలని నా అభిప్రాయం. ముళ్లు మాత్రం చెప్పుల్లోంచి దిగుతాయి, బూట్లు వేసుకోండి.

మామిడి తేలిక కర్ర. త్వరగా ఎండుతుంది, త్వరగా మండి అయిపోతుంది. తడిలో ఉంచితే ఇంకా త్వరగా పుచ్చిపోతుంది, మీ పుట్టగొడుగులు వచ్చింది కూడా మామిడి మీదే అయి ఉంటుంది. జామాయిల్ బాగా మండుతుంది కానీ పచ్చిగా ఉంటే ఘాటు పొగ. బూరుగు, మునగ కోసిన శ్రమకు కూడా తగవు. కంది కంప, పత్తి కంప రాజేయడానికి బాగుంటాయి. మిరప కంప ఇంట్లో వాడకండి, దగ్గు ఆగదు.

గన్నేరు కొమ్మ ఒక్కటి కూడా పొయ్యిలోకి రానివ్వకండి, అది విషపు చెట్టు. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్, మందు పట్టించిన కలప కూడా వద్దు. ఇల్లు బాగుచేసినప్పుడు మిగిలిన చెక్కలని రాశారు కదా, వాటిలో రంగు లేని టేకు ముక్కలు మాత్రం ఏరుకుని మిగతావి పక్కన పెట్టేయండి. ఆ పొగ పీల్చేది అమ్మగారే, ఆ బూడిదతో రేపు గిన్నెలు తోమేదీ వారే. ఇంకొకటి, సొంత పెరట్లోదైనా సరే పెద్ద చెట్టు కొట్టే ముందు అనుమతి సంగతి కనుక్కోండి. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెట్లకు కూడా వర్తిస్తుంది.

ఇక పేర్చడం. నేల నుంచి జానెడు ఎత్తు లేవాలి. రెండు వరసల ఇటుకలు పెట్టి వాటి మీద రెండు తాటి దూలాలు వేస్తే చాలు. దీనివల్ల నేల తడి ఎక్కదు, కింద గాలి ఆడుతుంది, చెదలు పట్టినా మట్టి దారులు ఇటుక మీద కనిపిస్తాయి కాబట్టి వెంటనే చీపురుతో దులపొచ్చు. చెదల కోసమని పురుగుమందు మాత్రం చల్లకండి. వంట మీదకు వచ్చే పొగ అది.

ఒక ముక్క పొడవు ఎంతో దొంతి వెడల్పు అంతే ఉండాలి. వరస వెనక వరస కలిపి గుట్ట చేస్తే నడిమివి ఎండవు. కోసిన చివర్లు గాలి వచ్చే వైపు ఉండాలి. మన తీరంలో ఎండాకాలం పడమటి గాలి వేడిగా, పొడిగా వీస్తుంది, ఆ గాలిని వదులుకోకూడదు. గోడకు ఆనించకుండా బెత్తెడు సందు వదలండి. రెండు కొసల్లో ముక్కలను ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా గూడులా కడితే దొంతి జారదు. ఎత్తు ఛాతీ దాటితే పిల్లల మీద పడే ప్రమాదం ఉంది, అంతకు మించొద్దు. ముక్కకూ ముక్కకూ మధ్య ఎలుక దూరేంత సందు ఉండాలని మా నాన్నగారు చెప్పేవారు. బిగించి అందంగా పేర్చిన కూలీ చేత మళ్లీ విప్పించేవారు.

కప్పు పైన మాత్రమే. మీ పొరపాటు ఇక్కడే జరిగింది. టార్పాలిన్‌ను నాలుగు వైపులా నేల దాకా దించి రాళ్లు పెట్టారు. పగలు ఎండకు కట్టెల్లోంచి నీళ్లు ఆవిరై లేస్తాయి, పోయే దారి లేక రాత్రి ఆ టార్పాలిన్‌కే చుక్కలు చుక్కలుగా పట్టి మళ్లీ కట్టెల మీదే కారతాయి. పొద్దున్నే లేపి చూడండి, లోపలి వైపు తడిగా ఉంటుంది. రెండు పాత రేకులు కాస్త వాలుగా పైన పెట్టి, రెండు వైపులా మూరెడు చూరు వదిలి, పక్కలన్నీ తెరిచి ఉంచండి. ఏటవాలు జల్లుకు అంచులు తడిసినా కంగారు పడొద్దు. పైపైన పడిన వాన నీళ్లు ఒక రోజు గాలికి ఆరిపోతాయి. కట్టె లోపలి నీళ్లే కష్టం.

దొంతిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో ఒకసారి తట్టండి. తేళ్లకు, పాములకు ఇంతకంటే మంచి చోటు ఉండదు. సాయంత్రం చీకటి పడ్డాక కట్టెలు తీయడం మా ఇంట్లో నిషేధం. రేపటికి కావలసినవి వెలుగుండగానే పంచలోకి తెచ్చుకుంటాం.

ఎన్నాళ్లు పడుతుందంటే, పైన చెప్పినట్టు పొట్టిగా కోసి చీలిస్తే, ఫిబ్రవరి నుంచి మే వరకు మా తీరంలో మామిడి రెండు నెలల్లో, సరుగుడు మూడు నెలల్లో, తుమ్మ నాలుగైదు నెలల్లో ఎండుతుంది. అనంతపురం, కర్నూలు వైపు ఇంకా త్వరగా. అందుకని కట్టె కొనాల్సింది సంక్రాంతి వెళ్లగానే. అప్పటికి కోత కూలీలు కూడా దొరుకుతారు. రోహిణి కార్తె ఎండలు అయిపోయేసరికి ఎండిన కట్టె కప్పు కిందకి చేరాలి, మృగశిర కార్తె మొదటి వానకు ముందే. ఆగస్టులో కొన్న కట్టెకు ఈ ఎండలు దొరకవు. దాని పైన అక్టోబరు, నవంబరు వానలు కూడా మన తీరాన్ని తడుపుతాయి. మీరు కొన్న నెల నుంచే మీకు కాలం ఎదురు తిరిగింది, మీ శ్రమలో లోటు లేదు.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టి వినమంటారు. ఎండినవి ఖంగుమంటాయి, తడివి దబ్బుమంటాయి. చివర్లలో నడిమి నుంచి పగుళ్లు చూడమంటారు. తేమ సుమారు 23 శాతానికి దిగాకే కర్ర కుంచించుకోవడం మొదలవుతుంది కాబట్టి, పగుళ్లు వస్తే కొంత ఎండిందన్న మాట నిజమే. కానీ చివర పగిలినా నడుమ తడి ఉండొచ్చు. నాకు నమ్మకమైంది తూకం ఒక్కటే. దొంతి కట్టేటప్పుడు వేర్వేరు చోట్ల ఐదు ముక్కలకు సుద్దతో గుర్తు పెట్టి, వంటింటి కాటా మీద తూచి, బరువు ఆ ముక్క మీదే రాయండి. పదిహేను రోజులకోసారి తూచండి. నేను గుర్తు పెట్టిన ఒక మామిడి ముక్క ఫిబ్రవరిలో 2 కిలోల 100 గ్రాములుంటే ఏప్రిల్ చివరికి 1 కిలో 250 గ్రాములకు వచ్చింది. వరసగా రెండు తూకాల్లో బరువు మారకపోతే అది ఎండినట్టే. తేమ మీటర్ కొంటే మాత్రం ముక్కను అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద గుచ్చి చూడాలి, పైన కాదు. ఆ మీటర్ పొడి కర్ర బరువు మీద లెక్క చూపిస్తుంది. అందులో 25 కనిపిస్తే మనం మొత్తం బరువు మీద చెప్పుకునే 20 శాతం అని అర్థం.

వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం ఉంటే, ఎంత ఎండిన కట్టె అయినా గాలిలోంచి తేమ పీల్చుకుని 14 శాతం దగ్గర నిలుస్తుంది. అది మండటానికి అడ్డం కాదు. అయినా ముసురు పట్టినప్పుడు వారానికి సరిపడా కట్టెలు వంటింట్లోనే ఉండటం మేలు. పాత ఇళ్లలో పొయ్యికి పైన అటక ఉండేది అందుకే. ఆ వేడికి కట్టె పొడిగా ఉండేది, పొగకు పురుగు పట్టేది కాదు. ఇప్పుడు అటక కట్టించనక్కర్లేదు కానీ, పొయ్యికి మూడడుగుల దూరంలో ఒక ఇనుప స్టాండు పెట్టుకోవచ్చు. పొయ్యి గట్టు మీదే ఆరబెట్టి నిద్రపోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అలా అంటుకుని కాలిపోయిన వంటిల్లు మా వీధిలోనే చూశాను.

ఇప్పుడు మీ పెరట్లో ఉన్న టన్ను సంగతి. రేపే టార్పాలిన్ తీసేయండి. దొంతి మొత్తం విప్పి, పుట్టగొడుగులు పట్టి వేలితో నొక్కితే లోపలికి దిగే మామిడి ముక్కలను కొబ్బరి చెట్ల పాదుల్లో వేయండి, అవి ఇక పొయ్యికి పనికిరావు. మిగతావన్నీ కోయించి, చీల్పించి, పైన చెప్పినట్టు పేర్చండి. డిసెంబరు నుంచి వానలు తగ్గుతాయి కాబట్టి సరుగుడు మార్చి నాటికి వాడుకోవచ్చు. అప్పటిదాకా కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు మీ ప్రాంతంలో ఎలాగూ దొరుకుతాయి. చిప్పల మంట చాలా వేడి, నాలుగైదు వేసి రాజేశాక వేలెడు మందం సరుగుడు పుల్లలు ఒక్కొక్కటే పెట్టండి. పొయ్యి నిండా కట్టెలు కుక్కితే గాలి ఆడక ఎండు కట్టె కూడా పొగే ఇస్తుంది. చివర నురగ కక్కుతూ సుయ్‌మని చప్పుడు చేసే ముక్క ఏదైనా కనిపిస్తే వెంటనే బయటికి లాగి ఆర్పి, మళ్లీ ఎండలో పడేయండి. కళ్ల మంట తగ్గేదాకా అమ్మగారి చేత గ్యాస్ మీదే వండించండి, పొయ్యి పని కొన్నాళ్లు మీరు చూసుకోండి.

వచ్చే ఏడాది వానల కాలానికి ఎంత కొనాలన్నది చివరి ప్రశ్న. మా ఇంట్లో ఐదుగురికి వంట, వేడినీళ్లు కలిపి రోజుకు ఆరేడు కిలోల ఎండు కట్టె పడుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా ఆరు నెలలకు టన్నుంపావు. పచ్చిది కొంటే రెండు టన్నులు తీసుకోవాలి. వీలైతే ఈ సంక్రాంతికి రెండేళ్లకు సరిపడా కొని, ఒక దొంతి మీద సంవత్సరం రాసి ముట్టకుండా ఉంచండి. తుమ్మ దొరికితే ఆ దొంతికే కేటాయించండి, రెండో వేసవి చూసిన తుమ్మ మంట వేరుగా ఉంటుంది.